కోటిపల్లి అమావాస్య, హైదరాబాదు గాజుపలకలు

మా అమ్మమ్మగారి ఊరు కె.గంగవరం మండలంలో, కోటిపల్లికి దగ్గర్లో ఉంది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు లైను వేశారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో వేశారు. పట్టాలు అయిపోయిన చోట గౌతమి మొదలవుతుంది. అవతల ముక్తేశ్వరం. మధ్యలో పంటు.

కోటిపల్లి గుళ్ళో దేవుడు సోమేశ్వరుడు. గురుపత్ని తార విషయంలో చేసిన పాపానికి కాంతి పోగొట్టుకున్న చంద్రుడు ఇక్కడ గౌతమిలో మునిగి, లింగాన్ని ప్రతిష్ఠించి, పోయిన కాంతిని తిరిగి తెచ్చుకున్నాడని స్థలపురాణం. శివరాత్రికి పెద్ద తీర్థం. తీర్థం అయిన వెంటనే అమావాస్య వస్తుంది. మైకులు, బళ్ళు, రంగుల లైట్లు అన్నీ సర్దుకుని వెళ్ళిపోతాయి. చంద్రుడి ఊళ్ళో చంద్రుడు లేని ఆ రాత్రి కోసమే నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. మొదటి ఏడు ఆఫీసులో రిలీజ్ పడింది, సెలవు దొరకలేదు. ఈసారి దొరికింది.

మావయ్యకి ఏటిగట్టు అవతల కొబ్బరితోట ఉంది. తోటలో ఓ మకాం, దాని వెనక ఏటి వైపు కాస్త ఖాళీ జాగా. దక్షిణం వైపు చెట్లు అడ్డం లేవు. కెమెరా, ట్రైపాడు, నక్షత్రాలతో పాటు మెల్లగా తిరిగే చిన్న ట్రాకర్, లాప్‌టాప్, బ్యాటరీ, ఫ్లాస్కులో టీ. ఇవన్నీ మోసుకుంటూ బయల్దేరుతుంటే మావయ్య చేతికర్ర ఇచ్చాడు.

"కర్ర నేలకేసి కొడుతూ నడు. అలికిడికి పాములు తప్పుకుంటాయి. ఇంతకీ ఆ ఫోటోలు ఇంటర్నెట్లో దొరకవేంట్రా?"

"దొరుకుతాయి మావయ్యా."

"నువ్వు తీసేవాటికంటే బాగుంటాయా?"

"చాలా బాగుంటాయి."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉందనుకునే వెళ్ళాను. నిజానికి సగమే ఉంది.

*

ఆకాశాన్ని ఫోటో తీయడమనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన నేల మీదుగా వెళ్ళింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ వర్ణపటదర్శినితో గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ బందరులో మకాం వేశాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. సూర్యుడు పూర్తిగా కనుమరుగైన సమయం గుంటూరులో అయిదు నిమిషాలకు పైన. ఆ కాస్త వ్యవధిలో టెన్నంట్ బృందం ఆరు ఫోటోలు తీసింది. అవి తడి కొలోడియన్ రోజులు. గాజుపలకకి అప్పటికప్పుడు రసాయనం పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే కడగాలి. ఆగస్టు ఉక్కలో ఆ పని ఎంత కంగారుగా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ రోజు గురించి మనం తరచూ వినే వాక్యం ఒకటుంది: "హీలియంని గుంటూరులో కనుగొన్నారు." నేనూ కాలేజీ రోజుల్లో ఈ మాట గర్వంగా చెప్పుకు తిరిగాను. తర్వాత చదివితే తెలిసింది, కథ అంత తిన్నగా లేదని. జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు చూశాడు. అవి వేడి హైడ్రోజన్ వాయువని తేలింది. ఆ గీతల ప్రకాశం చూసి, వీటికి గ్రహణం అక్కర్లేదని ఆయనకి తట్టింది. మర్నాడు పొద్దున్న మామూలు సూర్యుడి అంచునే అవే గీతలు మళ్ళీ పట్టుకున్నాడు. గుంటూరులో జరిగిన అసలు గొప్ప పని అదీ. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పద్ధతిని విడిగా కనిపెట్టి అక్టోబరు 20న చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి. వర్ణపటంలో కనిపించిన పసుపు గీత సోడియానిది కాదని తేల్చి, కొత్త మూలకం అన్న మాట దాకా లాగింది లాకియర్ వైపు నుంచి జరిగిన పని. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సే చేతికి.

అంటే గుంటూరు గొప్పది కాదని కాదు. గుంటూరు గొప్పదనం ఒకటి, మనం చెప్పుకునేది ఇంకొకటి. అయిదు నిమిషాల గ్రహణం, ఫ్రెంచి శాస్త్రవేత్త, కొత్త మూలకం. కథ చెప్పడానికి వీలుగా ఉంటుంది. అదే తెలుగువాళ్ళున్న ఇంకో ఊళ్ళో, ముప్ఫై ఏళ్ళకు పైగా, రాత్రి తర్వాత రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసిన సంగతి కథగా చెప్పడం కష్టం. అందులో ఏమీ జరగదు.

*

ఒంటిగంట దాటాక తూర్పు దిక్కున వృశ్చికం తల పైకొచ్చింది. అప్పటికి నా పరిసరాలతో నాకు పరిచయం మొదలైంది. మొదట పలకరించింది తీతువు. మకాం పక్కనున్న దాళ్వా చేలో ఎక్కడో పడుకున్నట్టుంది, నేను ట్రైపాడు కాలు గుచ్చిన చప్పుడుకి లేచి గొంతు చించుకుని అరిచి, చుట్టూ రెండు చక్కర్లు కొట్టి, ఇంకో మడిలో వాలింది. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మా అమ్మమ్మ అనేది. పాపం దానికి మాత్రం మనిషి కనపడటమే చెడు శకునం.

తర్వాత లంక వైపు నుంచి నక్కలు. ఒకటి మొదలెడితే నాలుగైదు అందుకున్నాయి. కొబ్బరాకుల్లో గబ్బిలాల రెపరెప. బోదెలో కప్పలు. నక్షత్రాల ఫోటోలు తీసేవాడు లైటు వెయ్యకూడదు, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్క టార్చి వెలుగుతో ఆ అరగంట పోతుంది. అందుకని తలకి ఎర్ర లైటు కట్టుకుని, అదీ ఆర్పేసి, ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. కదలకుండా కూర్చున్నవాడిని రాత్రి కాసేపటికి మర్చిపోతుంది.

ఆ రాత్రి నేను తీయాలనుకున్నది అందరూ తీసే పాలపుంత పనోరమా కాదు. ఆకాశంలో ఒక పట్టీ. ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా. ఆ పట్టీ హైదరాబాదుది.

*

1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సభ జరిగింది. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి, 11వ ప్రమాణం దాకా ఉన్న ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి జాబితా వెయ్యాలని తీర్మానించారు. 'కార్త్ ద్యు సియెల్', అంటే ఆకాశ పటం అని ఆ పథకం పేరు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకి పంచారు. ఒక్కో గాజుపలక 16 సెంటీమీటర్ల చదరం, దాని మీద పట్టే ఆకాశం రెండు డిగ్రీలు. నేను చెప్పిన పట్టీ మొదట చిలీ దేశపు శాంటియాగోకి వెళ్ళింది. అక్కడ పని సాగలేదు.

ఇటు హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ అనే ప్రభువుకి ఆకాశం మీద మోజు. 1901లో ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టి, ఆరో నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. ఆయన పోయాక 1908లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయన డైరెక్టరయ్యాడు. వేధశాల బేగంపేటకి మారింది. ఫోటోల కోసమే చేసిన 8 అంగుళాల కుక్ దూరదర్శినిని అక్కడ నిలబెట్టారు. శాంటియాగో చెయ్యలేని పట్టీ హైదరాబాదుకి వచ్చింది.

చాట్‌వుడ్ తర్వాత 1914లో రాబర్ట్ పోకాక్ వచ్చాడు, 1918లో చనిపోయాడు. ఆ తర్వాత టి.పి. భాస్కరన్. 1944 దాకా, అంటే పాతికేళ్ళకు పైన ఆయనే డైరెక్టరు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. పట్టీ పూర్తయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీ కూడా, 36 నుంచి 39 డిగ్రీల దాకా, హైదరాబాదే నెత్తికెత్తుకుంది. మొత్తం మీద 12 సంపుటాలు, ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలు.

పని ఎలా ఉండేదో ఊహిస్తే నాకు ఒళ్ళు నొప్పులు పుడతాయి. నా ట్రాకర్ తనంతట తాను తిరుగుతుంది. వాళ్ళకి గడియారపు యంత్రం ఉన్నా నమ్మడానికి లేదు. ఫోటో పడే దూరదర్శినికి జతగా ఇంకొకటి ఉంటుంది, దాని కంటికటకం దగ్గర మనిషి కన్ను ఆనించి, ఒక నక్షత్రం సాలెదారం లాంటి గీతల కూడలి మీంచి జరగకుండా, పలక తెరిచి ఉన్నంతసేపూ సర్దుతూ ఉండాలి. తర్వాత పలక కడగాలి. పగలు ఆ పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్క స్థానం కొలవాలి, రాసుకోవాలి, లెక్క కట్టాలి. ఇలాంటి పలకలు ఈ ఒక్క పట్టీకే వెయ్యికి పైగా. ఆ దక్షిణపు పట్టీలో మన అనూరాధలోని రెండు నక్షత్రాలున్నాయి. ధనుస్సులో పాలపుంత బాగా ఒత్తుగా ఉండే మేఘంలో ఓ ముక్క ఉంది. అంటే చుక్కలు ఇసకలా పోసిన చోటు. ఎక్కడో ఖాళీ ఆకాశం వచ్చిన వేధశాల అదృష్టవంతురాలు. హైదరాబాదు వాటాకి ఇసకతిన్నె వచ్చింది.

పారిస్‌లో ఈ కొలతల పని ఆడవాళ్ళ విభాగం చేసింది, డొరొతియా క్లంప్కె దానికి నాయకురాలు. వాటికన్ వేధశాలలో సన్యాసినులు చేశారు. వాళ్ళ ఫోటోలు ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చాయి, రావలసిందే. హైదరాబాదులో ఆ పలకల మీద వంగిన వాళ్ళని కూడా మనం వాళ్ళ సరసన తలుచుకోవాలి. అక్కడి సహాయకుల్లో ఒకరు సునన్న బప్పు. ఆయన కొడుకు ఆ వేధశాల ఆవరణలో ఆడుకుంటూ పెరిగాడు, 1949లో హార్వర్డులో ఓ ఫోటో పలక మీద కొత్త తోకచుక్కని పట్టాడు, తర్వాత భారతీయ ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. వైణు బప్పు.

*

రెండున్నర ప్రాంతంలో ఏట్లోంచి ఈల లాంటి చప్పుళ్ళు వినిపించాయి. ముందు మనుషులనుకుని భయపడ్డాను. తర్వాత నీళ్ళలో బుడుంగుమన్న చప్పుడు, మళ్ళీ ఈల. నీటికుక్కలు. చేపల వేటకి దిగాయి. కనపడింది మాత్రం నీళ్ళ మీద నల్లటి గీతలు, నక్షత్రాల ప్రతిబింబాలు చెదిరి మళ్ళీ అతుక్కోవడం, అంతే. కెమెరా అటు తిప్పుదామా అనిపించింది. తిప్పలేదు. ట్రాకర్ ధ్రువం వైపు సరిపెట్టుకోవడానికే నలభై నిమిషాలు పట్టింది మరి.

కాసేపటికి గట్టు మీద ఏదో నడిచింది. పిల్లికంటే పెద్దది, బలిసిన ఒళ్ళు, పొట్టి తోక. బావురుపిల్లి అయి ఉండాలి. ట్రైపాడుకీ నాకూ మధ్య ఉన్న నాలుగు గజాల్లోకి వచ్చి ఆగింది. దాని వాసన కూడా తగిలింది. లైటు వేస్తే దాని మచ్చలు కనపడతాయి, బావురుపిల్లో కాదో తేలిపోతుంది. వేస్తే ఆ ఎక్స్‌పోజర్ పోతుంది, జంతువూ పోతుంది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అది నా వైపు చూసిందో లేదో తెలీదు. బోదె వైపు దిగిపోయింది. సరిగ్గా అప్పుడే ఇందాకటి తీతువు మళ్ళీ కెవ్వుమంది. నేను ఉలిక్కిపడి కాలు జాడిస్తే ట్రైపాడుకి తగిలింది.

ఆ ఫ్రేములో ప్రతి నక్షత్రం రెండుగా పడింది. చిరాకు పడుతుండగానే ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది. కార్త్ ద్యు సియెల్ వాళ్ళు పటాల కోసం తీసిన పలకల మీద కావాలనే ఒక్కో నక్షత్రాన్ని మూడుసార్లు, కొద్దిగా జరిపి, చిన్న త్రికోణంలా పడేట్టు తీసేవారు. గాజు మీద దుమ్ము మచ్చ ఒకటిగా ఉంటుంది, నక్షత్రమైతే మూడుగా ఉంటుంది. తేడా తెలియడానికి. నా తీతువు రెండుసార్లతో సరిపెట్టింది.

మూడున్నరకి లాప్‌టాప్ తెరిచాను. వెలుతురు తగ్గించి, ఎర్ర ప్లాస్టిక్ కాగితం అంటించిన తెర. కెమెరా ఆకాశంలో ఎటు చూస్తోందో చెప్పే పనిని మేం 'ప్లేట్ సాల్వింగ్' అంటాం. నా కెమెరాలో ప్లేటూ లేదు, గాజూ లేదు. మాట మాత్రం మిగిలింది. ఫోటోలో చుక్కల అమరికని తీసుకుని, నక్షత్రాల సూచికతో పోల్చి, మూడు నాలుగు సెకన్లలో సమాధానం చెబుతుంది. నేను వాడేది ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. నా దగ్గరున్న దాని సూచిక ఫైళ్ళు టైకో-2 అనే జాబితా నుంచి తయారైనవి.

ఈ టైకో-2 సంగతే నన్ను ఆ పట్టీ దాకా తీసుకొచ్చింది. 1989 నుంచి 1993 దాకా హిప్పార్కస్ అనే యూరోపియన్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలు కొలిచింది. స్థానాలు కచ్చితంగా వచ్చాయి. కానీ నక్షత్రాలు కదులుతాయి. ఎంత కదులుతున్నాయో తెలియాలంటే రెండు కొలతల మధ్య కాలం ఎక్కువ ఉండాలి, ఉపగ్రహం బతికింది మూడేళ్ళ చిల్లర. అప్పుడు పాత జాబితాలు గుర్తొచ్చాయి. అప్పటికి కార్త్ ద్యు సియెల్‌ని ఒక పెద్ద వైఫల్యంగా చూసేవారు. అనుకున్నదానికంటే దశాబ్దాలు ఎక్కువ పట్టింది, పటాల భాగం పూర్తే కాలేదు, జాబితా ఆఖరి సంపుటాలు వచ్చేసరికి 1960లు. ఈలోగా అమెరికన్లు నక్షత్రాల లోపలి భౌతికశాస్త్రంలో ముందుకెళ్ళిపోయారు. అలాంటి సంపుటాలని అమెరికా నావికాదళ వేధశాల వాళ్ళు కంప్యూటరుకెక్కించి, మళ్ళీ లెక్కగట్టి, 46 లక్షల నక్షత్రాల జాబితాగా 1997లో తెచ్చారు. దాన్నీ, ఇంకా వందకు పైగా పాత జాబితాల్నీ ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 2000లో టైకో-2 వేశారు. 25 లక్షల నక్షత్రాలు, ఒక్కోటి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో సహా.

ఎంత చిన్న కదలిక ఇది? ఏడాదికి 10 మిల్లీ ఆర్క్ సెకన్లు కదిలే నక్షత్రం 80 ఏళ్ళలో 0.8 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. హైదరాబాదు పలక మీద అది మిల్లీమీటరులో సుమారు 75వ వంతు. వెంట్రుక మందంలో ఐదో వంతు అనుకోండి. బేగంపేటలో కంటికటకానికి కన్ను ఆనించినవాడు ఆ రాత్రి కునుకు తీసి ఉంటే, పగలు కొలిచినవాడు ఒక అంకె తప్పు వేసి ఉంటే, ఆ ఐదో వంతు ఎగిరిపోయేది.

లాప్‌టాప్ సమాధానం చెప్పింది. దక్షిణంగా 20 డిగ్రీలు, అనూరాధ పక్కన. పట్టీ మధ్యలో ఉన్నాను. ఆ పట్టీలో ఏ నక్షత్రం ఎక్కడుందో నా యంత్రానికి చెప్పిన వాళ్ళలో, వందేళ్ళ కింద బేగంపేటలో మేలుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పదిహేను, పదహారు పలకలు పట్టే ఆకాశాన్ని నా 135 మిల్లీమీటర్ల కటకం ఒక్క ఫ్రేములో పట్టేస్తోంది. అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. 2013లో వెళ్ళిన గైయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలని ఎన్నో రెట్లు కచ్చితంగా కొలిచింది. కదలికలు కూడా తనే కొలుచుకుంది, పాత పలకల సాయం అక్కర్లేకుండానే. ఇప్పుడు హైదరాబాదు అంకెలు ఎవరికీ తప్పనిసరి కావు. మా భాషలో చెప్పాలంటే డెప్రికేట్ అయిపోయాయి. పదిహేనేళ్ళ కింద నేను రాసిన కోడ్ ఏదీ ఇవాళ నడవటం లేదు, కాబట్టి ఎనభై ఏళ్ళు పనికొచ్చి ఆపైన డెప్రికేట్ అవడమంటే నాకు అసూయగానే ఉంటుంది.

*

నాలుగు దాటాక ధనుస్సు పైకొచ్చింది, దాంతోపాటు మంచు. కటకం వేడిగా ఉంచే పట్టీకి బ్యాటరీ అయిపోయింది. పాలపుంత ముక్క సరిగ్గా పైకొచ్చే వేళకి అద్దం మీద పొగ కమ్మింది. చొక్కా అంచుతో తుడిచి, ఊదుకుంటూ, ఇరవై ఫ్రేములు తీశాను. తూర్పు ఇంకా చీకటిగానే ఉంది. దక్షిణాన మాత్రం నేల అంచున తెల్లటి వెలుగు. చెరువుల లైట్లు అవి. క్రితంసారి పండక్కొచ్చినప్పుడు అంత లేదు. చేలు, తోటలు ఒక్కొక్కటీ రొయ్యల చెరువులవుతున్నాయి. చెరువుకి రాత్రంతా లైటుండాలి, గాలి కొట్టే చక్రాలు తిరుగుతుండాలి, కాపలా ఉండాలి. బేగంపేటకీ ఇదే జరిగింది. ఊరు వెలుగుతో ముంచేస్తే ఉస్మానియా వాళ్ళు 1968 నాటికి రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టుకున్నారు. ఊరు పెరిగితే వేధశాలకి ఇంకో చోటు దొరుకుతుంది. బావురుపిల్లికి మాత్రం రంగాపూర్ లేదు.

తెల్లవారాక మకాం అరుగు మీద కూర్చుని మావయ్యకి లాప్‌టాప్ తిప్పి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నీ రెండేసి ఉన్నాయేంట్రా?"

తీతువు సంగతి చెప్పాను. నవ్వాడు. బావురుపిల్లి సంగతి చెబితే నవ్వలేదు. "అదింకా ఉందా" అన్నాడు. కాసేపాగి, "వచ్చే ఏడు తోట చెరువుకిచ్చేద్దామనుకుంటున్నాం. కొబ్బరిలో ఏం మిగలట్లేదు, దింపు కూలీకే సరిపోతోంది. మీ అత్తకి ఆపరేషన్ కూడా ఉంది కదా" అన్నాడు. నాకు చెప్పాల్సిన అవసరం లేదు, అయినా చెప్పాడు. వద్దనడానికి నేనెవర్ని? నెల తిరిగేసరికి జీతం పడేవాణ్ణి, ఏడాదికోసారి వచ్చేవాణ్ణి.

ఆ రాత్రి ఫోటోల్లో గొప్పది ఒక్కటీ లేదు. సగం పొగమంచు, ఒకటి జంట చుక్కలు, దక్షిణపు అంచున చెరువుల వెలుగు. రంగులు దిద్ది పోస్టు చేద్దామని మొదట అనుకున్నవాణ్ణి, ఇప్పుడు వాటిని దిద్దకుండా అలాగే దాచాను. ఒక్కో ఫైలుకీ తారీకు, సమయం, స్థలం, కటకం, ఎంతసేపు తెరిచి ఉంచానో రాశాను. జంట చుక్కల ఫ్రేము కూడా తీసెయ్యలేదు. దాని పక్కన ఇంకో రెండు మాటలు చేర్చాను: తీతువు, బావురుపిల్లి (కావచ్చు).

మావయ్య మొదట అడిగిన ప్రశ్నకి నా దగ్గర లేని సగం సమాధానం ఇదే అనుకుంటున్నాను. బాగున్న ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ అమావాస్య రాత్రి ఆ తోట మీద ఆకాశం ఎంత నల్లగా ఉందో, అంచున వెలుగు ఎంత దూరం పాకిందో మాత్రం ఆ ఫైళ్ళలోనే ఉంది. వచ్చే శివరాత్రికి తోట ఉన్నా, చెరువు తవ్వినా, అదే చోట ట్రైపాడు పెట్టి అదే పట్టీని మళ్ళీ తీస్తాను. మావయ్యకి చెప్పాను. "కర్ర తెచ్చుకో మర్చిపోకు" అన్నాడు.